కరెక్షన్ స్లిప్పుల నుంచి ఫర్మ్‌వేర్ దాకా



నేను 1976లో ఎల్.డి.సి.గా చేరిన రోజున మా సూపరింటెండెంట్ గారు నా చేతికిచ్చినవి రెండే. ఒక జిగురు సీసా, ఒక కట్ట కరెక్షన్ స్లిప్పులు. కోడ్ పుస్తకంలో పాత నిబంధన మీద కొత్త చీటీ అంటించడం నా మొదటి పని. అంటించని పుస్తకం చూసి బిల్లు పాస్ చేస్తే ఆడిట్ అభ్యంతరం తప్పేది కాదు.

ఇటీవల లైఫ్ సర్టిఫికెట్ కోసం ఒక కార్యాలయానికి వెళ్లాను. గోడమీది వైఫై పెట్టె మూగబోయి, మేమంతా మధ్యాహ్నం దాకా బల్లల మీద కూర్చున్నాము. మాలో ఎనభై దాటినవారూ ఉన్నారు. "ఫర్మ్‌వేర్ మారుస్తుంటే కరెంటు పోయిందండీ" అన్నాడు అక్కడి కుర్రవాడు. అదేమిటో మా మనవణ్ణి అడిగి, కొంత చదివి ఇది వ్రాస్తున్నాను.

యంత్రం లోపల ఉండి, అది ఎలా నడవాలో చెప్పే ఆదేశాలే ఫర్మ్‌వేర్. ఈ మాటను 1967లో ఆషర్ ఆప్లర్ అనే అమెరికన్ ఒక వ్యాసంలో వాడారు. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టిన చిప్‌లో వ్రాత చెరపాలంటే అతినీలలోహిత కాంతి కింద పెట్టవలసి వచ్చేది. జపాన్‌లో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని లోకానికి వెల్లడించారు. దానితో చిప్ ఊడదీయకుండానే పాతది చెరిపి కొత్తది వ్రాయడం తేలికయింది.

వైఫైకి ప్రమాణం 1997లో వచ్చింది. దాని తాళం బలహీనమని 2001లో పండితులు నిరూపించారు. 2003లో కొత్త తాళం వచ్చింది. కంప్యూటర్లలోని పాత కార్డులు చాలావరకు ఫర్మ్‌వేర్ మార్పుతో దానికి సరిపోయాయి గాని, గోడమీది పాత పెట్టెలు చాలావాటిని మార్చవలసే వచ్చింది. 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ ఆ తర్వాతి తాళంలోనూ లోపం చూపగా, మళ్లీ ఫర్మ్‌వేర్ మార్పులు అవసరమయ్యాయి.

ఇక స్థలం సంగతి. ఈ పెట్టెల్లో జాగా బహు తక్కువ. మన రికార్డు రూములో ఎల్.డిస్. ఫైళ్లు ఏడాది కాగానే తీసివేయకపోతే కొత్తవాటికి బీరువా చాలేదా? ఇక్కడా అంతే. పాత ప్రతులు, లాగ్‌లు పేరుకుంటే కొత్తది పట్టదు. అయితే అన్నీ చెరపరాదు. మంచి పెట్టెల్లో రెండు అరలుంటాయి. నడుస్తున్న ప్రతి ఒకదానిలో ఉండగా కొత్తది రెండోదానిలో చేరుతుంది. అది పూర్తిగా, సక్రమంగా వచ్చిందని సరిచూసుకున్న తర్వాతే దానికి మారాలి. చెడితే పాతది ఆదుకుంటుంది. ఒకే అర ఉన్నచోట, వ్రాత మధ్యలో కరెంటు పోతే పెట్టె ఇటుకరాయే.

పెద్ద కార్యాలయాల్లో వందల పెట్టెలకు ఒకే కంట్రోలర్ ఉంటుంది. తెలిసినవారు ముందు ఒకటి రెండింటికి మార్చి చూసి, తర్వాత మిగతావాటికి రాత్రివేళ యు.పి.ఎస్. అండతో మారుస్తారు.

ఆ రోజు మాకు జరిగినదానికి కారణం సాంకేతికం కాదు, వేళ తప్పడమే. లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో, పనివేళల్లో ఈ మార్పులు చేయవద్దని మన సంఘం పక్షాన అధికారులకు ఒక మహజరు ఇవ్వాలని నా మనవి. చీటీ అంటించక తప్పదు. కాని కౌంటరు ముందు మనుషులుండగా పుస్తకం మూసి అంటించకూడదు.