తిండి రుగ్మతలు, దేహరూప చింత

తిండి, బరువు, ఒంటి తీరు గురించిన బెంగ ముదిరి ఆరోగ్యాన్ని దెబ్బతీసే మానసిక జబ్బులివి. అనొరెక్సియాలో మనిషి తిండి మానేసి చిక్కిపోతాడు; బులీమియాలో అతిగా తిని కక్కేస్తాడు. అనొరెక్సియా ప్రాణాలు కూడా తీస్తుంది.

భారతీయ పరిశోధన కొద్దిదే అయినా ఎంతో విలువైనది. 1995లో ఖండేల్వాల్, శరణ్, సక్సేనా ఐదుగురు యువతుల కేసులు ప్రచురించారు. వారు తిండి వద్దనేవారు, వాంతులు ఆగేవి కావు, బరువు తగ్గిపోయింది, నెలసరి ఆగింది. పాశ్చాత్య గ్రంథాలు చెప్పే దేహరూప భ్రమ (సన్నగా ఉన్నా లావనుకోవడం) మాత్రం లేదు. లావవుతానన్న భయం ఒక్కదాన్నే వెతికితే ఇలాంటివారు వైద్యుడి కంటబడరు.

ఆంధ్రప్రదేశ్‌లోని పర్చూరు లాంటి పత్తి, మిర్చి పండే ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. శనివారం ఒక్కపొద్దు, కార్తీక సోమవారం ఉపవాసం ఇక్కడ మామూలు. అవి జబ్బు కావు. కానీ ‘ఒక్కపొద్దు’ అన్న పిల్లను ఎవరూ తినమని బలవంతపెట్టరు. ‘కడుపు ఉబ్బరం’ అంటే గ్యాస్ మాత్రతో సరిపెడతారు. ఉపవాసం విడిచాక తింటోందా, నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగితేనే తేడా తెలుస్తుంది.

దేహరూప చింతను పెంచే లావు మీద ఎగతాళిని 2015 నాటి ‘సైజ్ జీరో’ సినిమా తెరకెక్కించింది. కథానాయిక అనుష్క ఆ పాత్ర కోసం బరువు పెరిగారు. ఇలాంటి ఇబ్బంది ఉంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ సలహా దొరుకుతుంది.