దేవరగట్టు బన్ని ఉత్సవం

దేవరగట్టు బన్ని ఉత్సవం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, కర్నూలు జిల్లా, హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండ వద్ద ప్రతి సంవత్సరం విజయదశమి నాటి రాత్రి జరిగే ఉత్సవము. కొండపై వెలసిన మాళమ్మ, మల్లేశ్వర స్వామి వార్ల ఉత్సవ విగ్రహాల కొరకు చుట్టుపక్కల గ్రామాల ప్రజలు రెండు పక్షాలుగా చీలి, చేత కర్రలు ధరించి పోటీ పడటం ఈ ఉత్సవం యొక్క ప్రత్యేకత. ఈ కారణంగా పత్రికలలో ఇది "కర్రల సమరం" అనే పేరుతో ప్రసిద్ధి చెందినది. స్థానిక భక్తులు మాత్రం దీనిని సమరముగా గాక దైవకార్యముగా భావిస్తారు.

పేరు, ప్రాంతము

కన్నడ భాషలో బన్ని అనగా జమ్మి చెట్టు. విజయదశమి నాడు జమ్మి చెట్టును పూజించే ఆచారం నుండి ఈ ఉత్సవానికి ఆ పేరు వచ్చినది. దేవరగట్టు కర్ణాటక సరిహద్దుకు సమీపమున ఉన్నది. ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు బళ్ళారి జిల్లాలో భాగముగా ఉండేవి. అందువలన ఇక్కడి గ్రామాల పేర్లలోను, పూజా విధానంలోను, ఉత్సవపు మాటలలోను కన్నడ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. ఇది వర్షాధారపు సేద్యం గల మెట్ట ప్రాంతము. వానలు లేని సంవత్సరాలలో ఈ పడమటి మండలాల నుండి ఎన్నో కుటుంబాలు గుంటూరు వంటి ప్రాంతాలకు కూలి పనుల కొరకు వలస పోతాయి.

స్థల పురాణం

పూర్వం మణి, మల్లాసురుడు అనే రాక్షసులు ఈ కొండ ప్రాంతంలో తపస్సు చేసుకొనే మునులను బాధించేవారు. మునుల మొర ఆలకించిన శివుడు భైరవ రూపం ధరించి వారిని సంహరించాడని స్థల పురాణం. మరణ సమయంలో ఆ రాక్షసులు ఏటా తమకు నరబలి కావాలని కోరగా, స్వామి అందుకు అంగీకరించక పిడికెడు రక్తం మాత్రం ఇప్పించునట్లు వరమిచ్చాడని చెబుతారు. ఇదే కథ కొద్ది మార్పులతో కర్ణాటకలోని మైలార లింగని క్షేత్రంలోను, మహారాష్ట్రలోని జేజురి ఖండోబా క్షేత్రంలోను వినిపిస్తుంది. మూడు చోట్లా పసుపు ప్రధాన ప్రసాదము. దీనిని బండారు అని పిలుస్తారు.

ఇరు పక్షాలు

నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాల వారు ఒక పక్షము. ఉత్సవ విగ్రహాలు నెరణికి గ్రామం నుండి కొండకు వచ్చి, ఉత్సవాల అనంతరం తిరిగి అక్కడికే చేరుతాయి. కనుక వాటిని కాపాడుట ఈ మూడు గ్రామాల వారి బాధ్యత. అరికెర, అరికెర తండా, సుళువాయి, ఎల్లార్తి, కురుకుంద, బిలేహాల్, విరుపాపురం మొదలగు గ్రామాల వారు రెండవ పక్షము. విగ్రహాలు తమ ఊరికి చేరినచో వానలు కురిసి, పంటలు పండి, మేలు జరుగునని వీరి నమ్మకము. రెండు పక్షాలూ ఒకే దైవాన్ని కొలిచేవే. ఏ ఊరిలో పుట్టినవారు ఆ ఊరి పక్షాన నిలబడటం తరతరాలుగా వస్తున్న పద్ధతి.

పాలబాస

ఉత్సవానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాల వారు ఒకచోట చేరి, పాలను తాకి ప్రమాణం చేస్తారు. దీనిని పాలబాస అంటారు. కక్షలు, కార్పణ్యాలు మనసులో ఉంచుకొనక, అందరూ ఒక్కటిగా ఉండి స్వామి కార్యం నెరవేర్చుతామని ఈ ప్రమాణం యొక్క భావము. పాత పగలు తీర్చుకొనుటకు ఈ రాత్రిని వాడుకొనరాదన్నది ఇందులోని ముఖ్య నియమము. ముఠా కక్షలకు పేరుబడిన ప్రాంతంలో ఈ నియమానికి గల విలువ చెప్పనవసరం లేదు.

ఉత్సవ క్రమము

విజయదశమి నాటి అర్ధరాత్రి కొండపై మాళమ్మ, మల్లేశ్వర స్వామి వార్లకు కళ్యాణం జరుగుతుంది. అనంతరం ఉత్సవ విగ్రహాలను కొండ దిగువకు తెస్తారు. మూడు గ్రామాల వారు విగ్రహాల చుట్టూ కర్రలతో వలయంగా నిలబడతారు. దివిటీల వెలుగులో, డోళ్ళ మోతల నడుమ రెండవ పక్షం వారు ఆ వలయాన్ని ఛేదించుటకు ప్రయత్నిస్తారు. తలలు పగులుట, దివిటీల మంటలు తగిలి కాలుట ఈ సమయంలోనే జరుగుతాయి. గాయపడినవారు పలువురు గాయానికి బండారు అద్దుకొని మరల ఊరేగింపులో కలుస్తారు.

ఊరేగింపు ముళ్ళబండ, పాదాలగట్టు మొదలగు చోట్ల మీదుగా రక్షపడ చేరుతుంది. అక్కడ గొరవయ్య ఒకరు తన తొడ నుండి కొద్దిగా రక్తం తీసి రాక్షసులకు సమర్పిస్తాడు. నల్ల కంబళి, డమరుకం ధరించి మైలార లింగని కొలిచే భక్తులను గొరవయ్యలు అంటారు. తరువాత జమ్మి చెట్టు వద్ద పూజ జరుగుతుంది. తెల్లవారు జామున బసవన్న గుడి వద్ద పూజారి భవిష్యవాణి వినిపిస్తాడు. దీనిని కార్ణికం అంటారు. రాబోయే సంవత్సరంలో వానలు ఎట్లుండునో, పత్తి, జొన్న వంటి పంటలకు ఏ ధర పలుకునో ఇందులో సూచనగా చెబుతారు. అంతవరకు కర్రలు పట్టి పోరాడిన ఇరు పక్షాల రైతులూ ఒకే చోట నిశ్శబ్దంగా నిలబడి దీనిని వింటారు. పిదప విగ్రహాలు సింహాసన కట్టకు చేరుటతో ఈ ఘట్టం ముగుస్తుంది.

గాయాలు, నియంత్రణ

ఉత్సవంలో ఏటా పదుల సంఖ్యలో భక్తులు గాయపడుతున్నారు. కొన్ని సంవత్సరాలలో ఈ సంఖ్య 100 వరకు చేరినది. 2023 అక్టోబరు 24 రాత్రి జరిగిన ఉత్సవంలో ముగ్గురు మరణించారు. వీరిలో ఒకరు, ఉత్సవాన్ని చూచుటకు జనం ఎక్కిన చెట్టు కొమ్మ విరుగుట వలన ప్రాణం కోల్పోయారు. 2025లోనూ మరణాలు సంభవించాయి. 2020లో కరోనా కారణంగా అధికారులు ఉత్సవాన్ని నిషేధించినప్పటికీ భక్తులు పెద్ద సంఖ్యలో తరలివచ్చారు.

పోలీసులు ఉత్సవానికి ముందే గ్రామాలలో సదస్సులు జరిపి, కర్రలకు ఇనుప రింగులు తొడగరాదని, మద్యం సేవించి రారాదని చెబుతున్నారు. రింగులు తొడిగిన కర్రలను స్వాధీనం చేసుకొనుట, మద్యం రవాణాను అడ్డుకొనుట, సీసీ కెమెరాలు, డ్రోన్లతో పర్యవేక్షించుట, కొండ దిగువన తాత్కాలిక వైద్యశాల నెలకొల్పుట ఏటా జరుగుతున్నాయి. దెబ్బలు తగిలినవారు ఎదుటి పక్షంపై ఫిర్యాదు చేయుట అరుదు. పాలబాసలోని మాటకు కట్టుబడుటయే ఇందుకు కారణమని పెద్దలు అంటారు. అయితే ఇనుప రింగులు గాని, మద్యం గాని స్థల పురాణంలో లేవు. పిడికెడు రక్తంతో తృప్తి చెందమన్న దైవం పేరిట నిండు ప్రాణాలు పోవుట సంప్రదాయానికే విరుద్ధమని సంస్కరణ కోరేవారి వాదన.

ఇతర ప్రాంతాల పోటీలతో పోలిక

కర్నూలు జిల్లాలోనే ఆస్పరి మండలం, కైరుప్పల గ్రామంలో ఉగాది మరునాడు పిడకల సమరం జరుగుతుంది. వీరభద్ర స్వామి, భద్రకాళి దేవి వార్ల పెళ్ళి విషయమై ఊరివారు రెండు పక్షాలుగా పిడకలు విసురుకొని, చివరకు దేవతలకు కళ్యాణం జరిపిస్తారు.

ఇంగ్లాండులోని యాష్‌బోర్న్ పట్టణంలో వాగుకు ఇరువైపులా పుట్టినవారు రెండు పక్షాలుగా చీలి, ఏటా రెండు రోజుల పాటు ఒక బంతి కొరకు పెనుగులాడతారు. ఇటువంటి జానపద క్రీడల నుండే నేటి ఫుట్‌బాల్ పుట్టినది. అమెరికాలో కళాశాలల మధ్య ఫుట్‌బాల్ పోటీలు 1869లో మొదలైనవి. అక్కడ కూడా ఒక్కొక్క జంట కళాశాలల మధ్య తరతరాల స్పర్ధ కలదు. మిషిగన్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాలు 1903 నాటి ఒక నీళ్ళ కూజా కొరకు పోటీ పడతాయి. గెలిచినవారు దానిని తమ ఊరికి తీసుకుపోతారు. 1890లో మొదలైన సైనిక, నౌకా అకాడమీల పోటీ ముగిసిన పిదప ఇరు జట్లూ కలసి నిలబడి, మొదట ఓడినవారి గీతాన్ని, తరువాత గెలిచినవారి గీతాన్ని ఆలపిస్తాయి. వైరం మైదానం దాటరాదన్న భావములో ఇది పాలబాస వంటిదే.

ఈ కళాశాల ఫుట్‌బాల్ కూడా ఒకప్పుడు ప్రాణాంతకముగా ఉండేది. ఆటలో విద్యార్థుల మరణాలు పెరుగుటతో 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రముఖ కళాశాలల ప్రతినిధులను పిలిపించి మాట్లాడాడు. 1906లో నియమాలు మారాయి. ఆట మాత్రం నిలిచినది, స్పర్ధలూ నిలిచినవి. దేవరగట్టులో అటువంటి మార్పునకు కావలసిన నియమం బయట నుండి రానవసరం లేదు. అది పాలబాస రూపంలో ఇప్పటికే ఉన్నది.

రవాణా సౌకర్యాలు

దేవరగట్టుకు ఆలూరు, హొళగుంద మీదుగా రోడ్డు మార్గము కలదు. ఆదోనిలో రైల్వే స్టేషన్ ఉన్నది. ఉత్సవానికి ఆంధ్ర ప్రదేశ్ నుండే గాక కర్ణాటక నుండి కూడా భక్తులు అధిక సంఖ్యలో వస్తారు.