వర్లీ గదికి రాని పనిబల్ల

వర్లీ బీడీడీ చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో ఏర్పడ్డ బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివ్‌డీలలో కట్టించిన 207 భవనాల్లో 121 వర్లీవే. కింది అంతస్తుతో కలిపి నాలుగంతస్తులు, అంతస్తుకు ఇరవై గదులు, మధ్యలో నడవా, మరుగుదొడ్లు అందరికీ ఉమ్మడి. తెలంగాణ జిల్లాల నుంచి మిల్లుపనికి వచ్చిన పద్మశాలీలు, ఇతర తెలుగువాళ్లు రెండు మూడు తరాలు ఇలాంటి గదుల్లోనే గడిపారు. ఇక్కడ ఆరడుగుల వడ్రంగి పనిబల్ల వేస్తే రాత్రి మనుషులు పడుకోవడానికి చోటు మిగలదు. కాబట్టి తెలుగు ఇళ్లలో పనిబల్ల లేకపోవడానికి కారణం ఇరుకే అని తేల్చేయడం సులువు. అది సగం నిజమే. పల్లెలో ఇరుకు లేదు, అయినా అక్కడ కూడా బల్ల లేదు. మిగతా సగం దొరకాలంటే పని ఎక్కడ జరిగేది, పనిచోటు ఎవరిది అన్న ప్రశ్నల దగ్గరికి వెళ్లాలి.

తెలంగాణ పల్లెలో వడ్లాయన ఆయగాడు. నాగళ్లు, గుంటకలు, బండ్లు చేసిపెట్టి, పంట చేతికొచ్చాక కళ్లం దగ్గర మేర కొలిపించుకునేవాడు. ఇరుసు విరిగిన బండి, గోడలో నిలపాల్సిన దర్వాజా, ఇంటి మీదికెక్కాల్సిన దూలం ఎక్కడుంటే పని అక్కడే. బాడిస, ఉలులు, రంపం, చిత్రిక, బర్మా, మూలమట్టం ఒక్క సంచిలో ఇమిడేవి. ఇంటిముందు చెట్టుకింద కదలకుండా ఉండేది ఒక మొద్దు, దానిమీద కర్ర ఆనించి బాడిసతో చెక్కేవాడు. సన్నపనికి నేలమీద కూర్చునేవాడు. కర్ర ఒక కొనను గడపకో పాతిన గూటానికో తన్నిపెట్టి, ఎడమ మడమతో నొక్కి, రెండో కొనను కుడికాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించి ఉలి దింపుతాడు. కర్ర తిప్పాలంటే బిగింపు మర వదులుచేసి మళ్లీ బిగించే పని లేదు, వేళ్లు సడలిస్తే చాలు. పలక పెద్దదైతే చిత్రికను ఒకరు తోస్తుంటే ఎదురుగా ఇంకొకరు లాగుతారు. పనిబల్ల చేయాల్సిన పని కర్రను కదలకుండా పట్టుకోవడమే కదా. ఆ పనిని ఇక్కడ నేలా, కాళ్లూ, తోటిమనిషీ పంచుకున్నారు.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో ఈ కూర్చునే పద్ధతిని వెనకబాటుగా లెక్కగట్టడం తరచు కనిపిస్తుంది. నిలబడి చేసే బల్ల ఐరోపాలోనూ ఆదినుంచీ లేదన్న సంగతి ఆ రాతలకు పట్టలేదు. జర్మనీలోని జాల్‌బుర్గ్ రోమన్ కోట బావిలోంచి తీసిన పనిబల్ల సుమారు 1,800 ఏళ్లనాటిది, అది పొట్టిది. హెర్క్యులేనియం కుడ్యచిత్రంలోని వడ్రంగి బల్లా పొట్టిదే. నడుమెత్తు దాటని బరువైన నిలువు బల్లను పూర్తి కొలతలతో వర్ణించిన పుస్తకాల్లో ప్రసిద్ధమైనది 1769 నుంచి భాగాలుగా వెలువడిన ఫ్రెంచి వడ్రంగి రూబో గ్రంథం. జపాన్ వడ్రంగులు నేటికీ పొట్టి దూలంమీద పలక పెట్టి చిత్రికను తమవైపు లాగుతారు, వాళ్ల పనిని మొరటుదని ఎవరూ అనరు. మన దగ్గరి సాక్ష్యం బొబ్బిలి వీణ. ఒకే పనస దుంగను తొలిచి చేసే ఆ ఏకాండి వీణ గొల్లపల్లిలో కూర్చున్నచోటే తయారవుతుంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఎనిమిదడుగుల టేకు పలకలు నాలుగింటిని ఒకే మందానికి, ఒకే రోజులో, ఒక్కడే చిత్రిక పట్టాలంటే నిలువు బల్లను మించినది లేదు. అక్కడ చేతి బలం ఒక్కటే కాదు, ఒంటి బరువంతా పనిలోకి దిగుతుంది. ఒకే రకం వస్తువు వందలకొద్దీ చేసే చోటికి అది తప్పదు. పల్లె వడ్రంగికి ఆ అవసరమే రాలేదు.

కదిలించలేని సాధనాన్ని ఇంట్లో పెట్టుకోవడం తెలుగువాళ్లకు చేతకాదా అంటే, చేనేత ఇల్లు కాదని చెబుతుంది. గుంటమగ్గం ఉన్న ఇంట్లో మగ్గానిదే మొదటి గది. నేలలో గుంట తవ్వి, గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపల పెట్టి తొక్కుడుకర్రలు తొక్కే నేతగానికి ఇల్లూ పనిచోటూ ఒకటే. నూలు తన ఇంటికే వచ్చేది, బట్ట తన ఇంట్లోనుంచే పోయేది. కమ్మరికీ అంతే, కొలిమినీ దాగలినీ సంచిలో వేసుకుపోలేడు. అంటే చోటు కేటాయించడం ఆ వృత్తి నడిచే తీరునుబట్టి ఉంది. సరుకు మనిషి దగ్గరికి వచ్చేచోట సాధనం ఇంట్లో పాతుకుంది, మనిషే సరుకు దగ్గరికి పోయేచోట సాధనం సంచిలోకి చేరింది. వడ్రంగి బల్లను మగ్గం పక్కన పెట్టి చూడకపోతే ఈ తేడా దొరకదు.

బొంబాయికి వచ్చాక ఈ రెండు దారులూ ఒకచోటే తెగాయి. 1784 నాటికి హార్న్‌బీ వెల్లార్డ్ గట్టు వర్లీ దగ్గర సముద్రపు నీటిని ఆపింది. గట్టు వెనక ఆరిన పల్లపు నేలలో స్థిరపడ్డ తెలుగు పనివాళ్లు కామాఠీలు, వాళ్లవల్లే కామాఠీపురాకు ఆ పేరు. రాళ్లు మోసినా, గోడలు కట్టినా వాళ్ల పనిచోటు ఎప్పుడూ ఇంకొకరి స్థలమే. వాళ్లలో కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. జ్యోతిరావు ఫులే 1873లో పెట్టిన సత్యశోధక్ సమాజ్‌కు బొంబాయిలో అండగా నిలిచిన వెంకు బాలాజీ కాళేవార్, జాయా కరాడీ లింగు ఆ కోవవాళ్లే. నిలువు పనిబల్ల ఈ నగరంలో స్థిరపడింది మాత్రం ఇళ్లలో కాదు, రైల్వే వర్క్‌షాపుల్లో. పరేల్‌లో, లోయర్ పరేల్‌లో, 1915 నుంచి మాటుంగాలో రైలు పెట్టెల టేకు తొడుగులు, కిటికీ చట్రాలు, సీట్ల పలకలు ఒకే కొలతకు వందలకొద్దీ కావాల్సి వచ్చేవి. బల్లా, వైసూ, కొలతబద్దా కంపెనీవి. ఉలుల సంచితో వచ్చిన మనిషి గంట కొట్టగానే ఆ బల్ల ముందు నిలబడి, గంట కొట్టగానే వదిలి వెళ్లేవాడు. 1887లో మొదలైన విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి ఈ క్రమశిక్షణనే చదువుగా మార్చాయి. 1955లో పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ ఉక్కు పెట్టెలు మొదలుపెట్టాక ఆ బల్లలమీది టేకు పనీ తగ్గుతూ వచ్చింది. నేతగాడి కథా ఇదే. మగ్గం మిల్లుయజమానిది అయిపోయింది. 1982 జనవరి 18న కార్మిక నేత దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు సమ్మె మొదలై మిల్లులు మూతబడే దారి పట్టినప్పుడు, వర్లీ గదిలో తిరిగి నేసుకోవడానికి మగ్గం లేదు. కొందరు భివండీ పద్మనగర్ పవర్‌లూమ్‌లకు వెళ్లారు. అక్కడా మగ్గం ఎక్కువమందికి సొంతం కాదు.

యంత్రపు రంపాలూ ప్లైవుడ్డూ వచ్చాక ఈ చర్చకే కాలం చెల్లిందని అనవచ్చు. నాకు అలా అనిపించదు. ఇవాళ ముంబయి ఫ్లాట్లలో వార్డ్‌రోబులు చేసే వడ్రంగులు కూడా ఇంటివాళ్ల హాల్లోనే ప్లైవుడ్ షీట్లు పరిచి, నేలమీద కూర్చుని లామినేట్ అంటిస్తారు. కరెంటు రంపం వచ్చింది, పనిచోటు మాత్రం ఇంకొకరి ఇల్లే. ఇంటి పనిబల్లకు ప్రపంచంలో ఎక్కడైనా కావలసింది ముందు సొంత చోటు, తర్వాతే నైపుణ్యం. అమెరికా ఇళ్లలో దానికి చోటిచ్చిన వాటిలో గ్యారేజీ ఒకటి.

2025 ఆగస్టులో వర్లీ చాళ్ల స్థానంలో లేచిన టవర్లలో మొదటి 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు అందాయి. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరైనా బల్ల చేసుకోవాలనుకుంటే నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చాలు. బరువు కావాలి కాబట్టి కాళ్లకు నల్లతుమ్మ మంచిది, బండ్లకూ నాగళ్లకూ వాడిన కర్రే అది. పైపలకకు టేకు. కాలి కొనను సన్నగా చెక్కి పలకలో తొలిచిన బెజ్జంలో దిగగొట్టి, అడ్డకర్రలను మేకులతో కాక చెక్క చీలలతో బిగిస్తే, వానాకాలం రాగానే సర్దుకుంటుంది, ఇల్లు మారేటప్పుడు విప్పుకోవచ్చు. ముంబయి జూన్ గాలికి పలక అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. అందుకే వెడల్పు పలకను రెండు వైపులా గట్టిగా బిగించేస్తే నిలువునా చీలుతుంది, ఒకవైపు మాత్రమే బిగించి రెండోవైపు కదిలే సందు వదలాలి. పైన లక్క పాలిష్ వద్దు. మెరిసేలా చేస్తే కర్ర జారుతుంది, చిత్రిక పట్టేటప్పుడు చేయి తెగుతుంది. పలచటి అవిసె నూనె రెండు మూడు పూతలు, అరిగినచోట మళ్లీ చిత్రిక. అవిసె నూనెతో తడిసిన గుడ్డను మాత్రం ముద్దచేసి మూల పడేయకూడదు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది.

అంతా అయినా పాత ప్రశ్న ఇంకోలా ఎదురవుతుంది. ఎత్తైన టవర్లలో సుత్తి దెబ్బ కింది ఇంటికి వినిపిస్తుంది. పొట్టు లిఫ్టు దారిపొడవునా రాలుతుంది. ఫ్లాటు సొంతమైనా ఆ కింది ఇల్లు ఇంకొకరిది. పార్కింగ్ అంతస్తులో ఒక గదిని ఉమ్మడి పనిచోటుగా సొసైటీలు రాసిపెట్టుకుంటే, నాలుగు కుటుంబాలకు ఒక బల్ల చాలు. ఆ గది తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది మాత్రం సొసైటీ మీటింగులో తేలాల్సిన విషయం.