శిశు సంరక్షణ కేంద్రాలలో అత్యవసర సన్నద్ధత: ప్రత్యేక అవసరాలు గల చిన్నారుల భద్రతకు ముందస్తు ప్రణాళిక

(ప్రత్యేక వ్యాసం)

ప్రమాదం సంభవించినప్పుడు పెద్దలు పరుగెత్తగలరు. పాఠశాల బాలలు ఉపాధ్యాయుని మాట విని వరుసలో వెలుపలకు రాగలరు. ఆరేళ్ల లోపు చిన్నారుల నుంచి ఈ రెండూ ఆశించలేము. భయపడిన శిశువు బయటకు రావడానికి బదులు తలుపు చాటునో, బల్ల కిందనో దాగుకోవడం సహజం. నడవలేని, వినలేని, చూడలేని చిన్నారి విషయంలో ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. అందువల్ల శిశు సంరక్షణ కేంద్రాల భద్రతను పాఠశాల భద్రతా ప్రణాళికలో ఒక చిన్న భాగంగా భావించరాదు. దానికి ప్రత్యేకమైన ఆలోచన, ప్రత్యేకమైన అభ్యాసం అవసరం.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. నేడు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు పనిచేస్తున్నాయి. సాధారణంగా ఒక్కొక్క కేంద్రంలో ఒక కార్యకర్త, ఒక ఆయా ఉంటారు. కార్యకర్త సమావేశానికి గాని, ఇళ్ల సందర్శనకు గాని వెళ్లిన సమయంలో పిల్లల వద్ద ఉండేది ఆయా ఒక్కరే. సన్నద్ధత ప్రణాళిక ఏదైనా ఈ వాస్తవం నుంచే మొదలు కావలసి ఉంటుంది. నలుగురు సిబ్బంది ఉన్నారన్న ఊహతో తయారు చేసిన ప్రణాళిక కాగితానికే పరిమితమవుతుంది.

రెండు జూలై 16లు

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల అగ్నికి ఆహుతి కాగా 94 మంది బాలలు ప్రాణాలు కోల్పోయారు. మధ్యాహ్న భోజనం వండే గడ్డికప్పు వంటశాలలో రేగిన మంట తరగతి గదుల పైకప్పుకు వ్యాపించింది. సరిగ్గా తొమ్మిదేళ్ల తరువాత, 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో పాఠశాల భోజనం తిన్న 23 మంది బాలలు మరణించారు. వంటనూనెలో పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలింది.

ఈ రెండు దుర్ఘటనలూ వంటశాలలోనే మొదలయ్యాయి. పిల్లలకు పోషణ అందించే చోటే ప్రమాదానికి కూడా అవకాశం ఉన్నదని ఇవి గుర్తు చేస్తున్నాయి. కుంభకోణం ఘటన నేపథ్యంలో దాఖలైన వ్యాజ్యంపై 2009లో సుప్రీంకోర్టు తీర్పు వెలువరిస్తూ, సురక్షితమైన పాఠశాలలో చదువుకోవడం బాలల విద్యాహక్కులో అంతర్భాగమని స్పష్టం చేసింది. పాఠశాలలలో అగ్నిమాపక పరికరాలు ఉండాలని, సిబ్బందికి వాటి వినియోగంలో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించింది.

చట్టం ఏమి చెబుతున్నది?

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 8వ సెక్షన్ ఈ సంస్థకు ఒక ముఖ్యమైన బాధ్యతను అప్పగించింది. విపత్కర పరిస్థితులలో దివ్యాంగులకు ఇతరులతో సమానమైన రక్షణ, భద్రత కల్పించాలని ఆ సెక్షన్ పేర్కొంటున్నది. జిల్లాలోని దివ్యాంగుల వివరాల రికార్డును నిర్వహించడంతో పాటు, ప్రమాద పరిస్థితుల గురించి వారికి తెలియజేసే చర్యలు కూడా జిల్లా సంస్థ తీసుకోవలసి ఉన్నది. దివ్యాంగులను కలుపుకొని విపత్తు ముప్పును తగ్గించే విధానంపై జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది.

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2023 నవంబరులో దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్‌ను ఆవిష్కరించింది. వైకల్య లక్షణాలను తొలిదశలోనే గుర్తించడం, చిన్నారిని సాధారణ కార్యక్రమాలలో కలుపుకొనిపోవడం, అవసరమైన వైద్య సేవలకు పంపడం ఇందులోని ప్రధానాంశాలు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ చిన్నారులను ఏడాదికి రెండు పర్యాయాలు పరీక్షించాలన్నది నిబంధన.

ప్రైవేటు రంగంలోని శిశు సంరక్షణ కేంద్రాలు కూడా దీనికి మినహాయింపు కావు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులు గల సంస్థలలో ఈ సదుపాయం ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. 2020 సామాజిక భద్రతా నియమావళిలోనూ ఈ నిబంధనకు చోటు కల్పించారు.

అంగన్‌వాడీ కార్యకర్త రిజిస్టరులోని వివరం జిల్లా విపత్తు ప్రణాళికకు చేరినప్పుడే చట్టం ఉద్దేశం నెరవేరుతుంది. కేంద్రంలో నమోదైన దివ్యాంగ బాలుని పేరు జిల్లా రికార్డులో లేనిపక్షంలో, వరద వచ్చిన రోజున ఆ ఇంటికి ముందుగా పడవ పంపాలని ఎవరికీ తోచదు.

రోజులు, గంటలు, నిమిషాలు

అన్ని ప్రమాదాలూ ఒకే విధమైన వ్యవధి ఇవ్వవు. హెచ్చరికకు, ప్రమాదానికి మధ్య ఉన్న సమయాన్ని బట్టి సన్నద్ధతను మూడు విధాలుగా విభజించుకోవచ్చును.

మొదటిది రోజుల వ్యవధి ఇచ్చే ప్రమాదం. తుపాను ఈ కోవకు చెందుతుంది. భారత వాతావరణ శాఖ తుపానుకు 72 గంటల ముందు తొలి సూచనను, 48 గంటల ముందు అప్రమత్తతను, 24 గంటల ముందు హెచ్చరికను అధికారులకు పంపుతుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచెత్తిన ఉప్పెన నాటికి, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ నాటికి మధ్య ఈ హెచ్చరికల వ్యవస్థ ఎంతో బలపడింది. లభించిన ఈ సమయంలో కేంద్రంలోని బియ్యం, పప్పు, పాలు, రిజిస్టర్లను ఎత్తైన చోటికి చేర్చాలి. దివ్యాంగ చిన్నారులున్న కుటుంబాలను మొదటి విడతలోనే పునరావాస కేంద్రాలకు తరలించాలి. చిన్నారి వాడే మందులు, వీల్‌చైర్, వినికిడి యంత్రం, దాని బ్యాటరీలు కూడా వెంట వెళ్లాలి. వినికిడి యంత్రం ఇంట్లోనే మిగిలిపోతే, శిబిరంలోని ప్రకటనలు ఆ చిన్నారికి చేరవు.

రెండవది గంటల వ్యవధి ఇచ్చేది. వాగులు, కాలువలు పొంగడం, వడగాడ్పులు ఇందులోకి వస్తాయి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద విజయవాడలోని పలు కాలనీలను రోజుల తరబడి ముంచింది. ఇటువంటి ప్రాంతాలలోని కేంద్రాలు ఎగువన వర్షం కురుస్తున్న సమాచారం అందగానే పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించే ఏర్పాటు చేసుకోవాలి. వేసవిలో మాటలు రాని చిన్నారి దాహం వేస్తున్నదని చెప్పలేదు. అడిగితేనే నీరు ఇచ్చే పద్ధతి కాక, నిర్ణీత సమయానికి తాగించే పద్ధతిని పాటించడం శ్రేయస్కరం.

మూడవది నిమిషాలు మాత్రమే ఇచ్చేది. అగ్నిప్రమాదం, గ్యాస్ లీకు, విద్యుదాఘాతం ఈ కోవలోనివి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. అది నేల వెంబడి పరచుకుంటుంది, పిల్లలు కూర్చునేది కూడా నేల మీదనే. వాసన రాగానే రెగ్యులేటర్ కట్టివేసి, తలుపులు, కిటికీలు తెరచి, పిల్లలను బయటకు చేర్చాలి. విద్యుత్ స్విచ్‌లు వేయడం గాని, ఆర్పడం గాని చేయరాదు. వంటగది విడిగా లేని కేంద్రాలలో పొయ్యికి, పిల్లలకు మధ్య అడ్డు ఏర్పాటు చేయాలి. పొయ్యిని ద్వారానికి పక్కన ఉంచరాదు. మంట రేగినప్పుడు బయటకు వెళ్లే ఏకైక దారి మూసుకుపోయే ప్రమాదమున్నది.

ఒక్కొక్క చిన్నారికి ఒక్కొక్క పుట

ప్రత్యేక అవసరాలు గల చిన్నారులందరికీ ఒకే సూచన సరిపడదు. కేంద్రంలో నమోదైన ప్రతి దివ్యాంగ చిన్నారికి తల్లిదండ్రుల సమక్షంలో ఒక పుట రాసి ఉంచుకోవడం ఉత్తమమైన, ఖర్చు లేని పద్ధతి. చిన్నారి ఎలా కదలగలదు, ఏ విధంగా చెబితే అర్థం చేసుకుంటుంది, ఏ మందులు వాడుతున్నది, దేనికి భయపడుతుంది, అత్యవసర సమయంలో ఎవరు ఎత్తుకుంటారు అనే ఐదు ప్రశ్నలకు అందులో సమాధానాలుండాలి.

వినికిడి లోపం గల చిన్నారికి ఈలతోనూ, గంటతోనూ ప్రయోజనం లేదు. ఎర్రజెండా ఊపడం, భుజం తట్టి చేతితో సైగ చేయడం అలవాటు చేయాలి. చూపు లేని చిన్నారిని లాగుకుంటూ పోరాదు. ఏమి జరుగుతున్నదో మాటలతో చెబుతూ చేయి పట్టి నడిపించాలి. గదిలోని వస్తువుల స్థానాలను తరచుగా మార్చకపోవడం కూడా ఆ చిన్నారికి భద్రతే. ఆటిజం గల చిన్నారి పెద్ద శబ్దానికి చెవులు మూసుకుని కదలకుండా కూర్చుండిపోవచ్చును, లేదా అకస్మాత్తుగా పరుగెత్తవచ్చును. బొమ్మల ద్వారా ముందుగా వివరించి, శబ్దం లేకుండా అభ్యాసం మొదలుపెట్టి, క్రమంగా శబ్దాన్ని చేర్చడం మంచిది. మస్తిష్క పక్షవాతం గల చిన్నారిని ఎత్తుకునేటప్పుడు తలకు, మెడకు ఆసరా ఇవ్వాలి. మింగడంలో ఇబ్బంది ఉంటే పడుకోబెట్టి ఆహారం పెట్టరాదు.

ఎవరు ఎత్తుకుంటారన్న ఐదవ ప్రశ్నే అన్నింటికంటే కీలకమైనది. ఆయా నడవలేని చిన్నారిని ఎత్తుకుంటే మిగిలిన పిల్లలను బయటకు తెచ్చేది కార్యకర్త ఒక్కరే. కార్యకర్త లేని రోజున ఆ ఒక్కరు కూడా ఉండరు. కాబట్టి కేంద్రానికి పక్కింటివారు, ఎదుటి దుకాణదారు, స్వయం సహాయక సంఘం సభ్యురాలు వంటి ఇద్దరు ముగ్గురిని ముందుగానే గుర్తించి, వారి పేర్లను గోడపై రాసి ఉంచాలి. పిలుపు అందగానే వారు ఏ చిన్నారి వద్దకు రావాలో వారికి తెలిసి ఉండాలి. ఆ చిన్నారి కూడా వారిని ముందే ఎరిగి ఉండాలి. అపరిచితుని చేతికి శిశువు వెళ్లదు.

ప్రథమ చికిత్స: చేయదగినవి, చేయరానివి

మూర్ఛ వచ్చిన చిన్నారి చేతిలో తాళాలు, ఇనుప వస్తువులు పెట్టడం, నోటిలో చెంచా దూర్చడం గ్రామాలలో నేటికీ కనిపిస్తున్నది. వీటి వల్ల ప్రయోజనం లేకపోగా గాయాలయ్యే ప్రమాదమున్నది. చిన్నారిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులను తొలగించి, సమయాన్ని గమనించాలి. ఐదు నిమిషాలు దాటినా మూర్ఛ తగ్గకపోతే 108కు ఫోన్ చేయాలి.

కాలిన గాయంపై పేస్టు, సిరా, పసుపు రాయరాదు. 20 నిమిషాల పాటు చల్లని నీటిధార పోయాలి. మంచుగడ్డ వాడరాదు. పాము కాటుకు గురైన అవయవాన్ని కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి తరలించాలి. తాడుతో బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో విషం పీల్చడం హానికరం. ఏడాది లోపు శిశువుకు గొంతులో ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే, తల కిందికి ఉండేలా ముంజేతిపై పడుకోబెట్టి వీపుపై ఐదుసార్లు తట్టి, తరువాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కాలి. కనిపించని వస్తువు కోసం నోటిలో వేలు పెట్టి వెతకరాదు.

లెక్క, అప్పగింత

పిల్లలు బయటకు రాగానే చేయవలసిన మొదటి పని లెక్కించడం. హాజరుపట్టిక తలుపు వద్దనే వేలాడుతూ ఉంటే బయటకు వచ్చేటప్పుడు అది కూడా చేతికి వస్తుంది. అటకపై ఉన్న రిజిస్టరు అత్యవసర సమయంలో అక్కరకు రాదు. చిన్నారిని ఎవరికి అప్పగించవచ్చునో తల్లిదండ్రుల నుంచి ముందుగానే రాతపూర్వకంగా తీసుకోవాలి. గందరగోళంలో పిల్లలు తప్పిపోవడం కూడా ప్రమాదమే. తన పేరు చెప్పలేని చిన్నారికి పేరు, ఊరు, ఫోన్ నంబరు గల గుర్తింపు పట్టీ తప్పనిసరి.

అన్ని అత్యవసర సేవలకు 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101, వంటగ్యాస్ లీకుకు 1906, బాలల సహాయానికి 1098, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070, జిల్లా కంట్రోల్ రూముకు 1077 నంబర్లను పెద్ద అక్షరాలతో గోడపై రాయించాలి. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో ప్రారంభమైన 108 సేవ గ్రామీణులకు సుపరిచితమే. అయినప్పటికీ ఫోన్ చేసిన వ్యక్తి కేంద్రం చిరునామాను, దగ్గరి గుర్తును స్పష్టంగా చెప్పగలగాలి.

తనిఖీలో పరిశీలించవలసిన అంశాలు

సూపర్‌వైజర్లు, సి.డి.పి.ఓ.లు కేంద్రాలను సందర్శించినప్పుడు బరువుల పట్టికను, సరుకుల నిల్వలను పరిశీలించడం ఆనవాయితీ. వాటితో పాటు మరికొన్ని ప్రశ్నలు వేయడానికి పది నిమిషాలు చాలును. గది తలుపు బయటకు తెరచుకుంటున్నదా? అగ్నిమాపక యంత్రం గడువు తీరిపోలేదు కదా? దానిని వాడడం ఆయాకు కూడా తెలుసా? చివరి మాక్ డ్రిల్ ఏ తేదీన జరిగింది, దివ్యాంగ చిన్నారి ఆ రోజున అందులో పాల్గొన్నదా, లేక పక్కన కూర్చోబెట్టారా? ర్యాంపు ఉన్నట్లయితే దానికి అడ్డంగా బస్తాలు పేర్చి ఉన్నాయా? పాత్రికేయులు సైతం ఇవే ప్రశ్నలను అడగవచ్చును. ప్రమాదం జరిగిన తరువాత వేసే ప్రశ్న వార్త అవుతుంది, ముందుగా వేసిన ప్రశ్న ప్రమాదాన్ని నివారించగలదు.

సన్నద్ధతకు కావలసిన వాటిలో అధికభాగం నిధులతో ముడిపడినవి కావు. తలుపు వద్ద హాజరుపట్టిక, గోడపై నంబర్లు, పిలిస్తే పలికే ఇరుగుపొరుగు, నెలకొకసారి అభ్యాసం ఏ గ్రామంలోనైనా సాధ్యమే. అందరికంటే నెమ్మదిగా కదిలే చిన్నారిని దృష్టిలో ఉంచుకుని రూపొందించిన ప్రణాళిక మిగిలిన పిల్లలందరికీ సరిపోతుంది. వేగంగా పరుగెత్తగలవారి కోసం రూపొందించిన ప్రణాళిక మాత్రం ఆ ఒక్క చిన్నారిని గదిలోనే వదిలివేస్తుంది.