నౌబత్ పహాడ్: నగారా నుంచి నక్షత్రశాల దాకా

రోలుగుంట వైపు నుంచి హైదరాబాద్ వెళ్లినవాళ్లకు నౌబత్ పహాడ్‌ను చూపించి, ఇదిగో కొండ అంటే నవ్వేస్తారు. తూర్పు కనుమల వరస చూస్తూ పెరిగి, నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లకు 280 అడుగుల గుట్ట ఒక లెక్కా? విశాఖలో కైలాసగిరికైతే రోప్‌వే ఉంది. ఇక్కడ అదీ లేదు, దాని అవసరమూ లేదు. పిల్లలు పరుగెత్తుతూ, పెద్దవాళ్లు మధ్యలో ఓసారి ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఎక్కేయొచ్చు.

ఆ తేలికే ఈ గుట్టకు చరిత్ర తెచ్చిపెట్టింది. ఎక్కడం సులువు, ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది, ఊరందరికీ గుట్టా కనిపిస్తుంది. హైదరాబాద్‌కు ఏదైనా చాటి చెప్పాలనుకున్న ప్రతివాళ్ల కన్నూ దీని మీదే పడింది.

వయసు మాటకొస్తే గుట్ట ముందు తక్కినవన్నీ నిన్నమొన్నటివే. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్‌కు సుమారు 250 కోట్ల ఏళ్లుంటాయి. ఆ రాతినేల మీద హుస్సేన్‌సాగర్‌కు దక్షిణాన పక్కపక్కనే లేచిన జంట గుట్టలు నౌబత్ పహాడ్, కాలా పహాడ్. మామూలు మాటల్లో రెండూ కలిసిపోయి మొదటి పేరుతోనే చెలామణీ అవుతున్నాయి.

కింద ఉన్న చెరువు మాత్రం మనుషులు తవ్వి, కట్ట పోసి నిలబెట్టింది. 1562 ప్రాంతంలో, గోల్కొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుతున్న రోజుల్లో, ఆయన అల్లుడు హుస్సేన్ షా వలీ ఆ పని దగ్గరుండి చేయించాడు. చెరువుకు జనం ఆయన పేరే పెట్టేసుకున్నారు. సొమ్ము తనదైతే పేరు అల్లుడిదైందేమిటని నొచ్చుకున్న సుల్తాను, తన పేరు నిలిచేలా ఇబ్రహీంపట్నం చెరువు వేయించాడని ఒక కథ చెబుతారు. ఇదంతా జరిగేనాటికి హైదరాబాద్ నగరమే లేదు. చార్మినార్ కట్టి ఊరికి శ్రీకారం చుట్టింది 1591లో, అదీ మూసీకి దక్షిణాన. ఊరు నది దాటి ఉత్తరానికి పాకి, చెరువునూ గుట్టలనూ తనలో కలుపుకోవడానికి చాలా కాలం పట్టింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యేదాకా ఊరి తాగునీటిలో హుస్సేన్‌సాగర్ వాటా పెద్దదే.

గుట్టకు పేరు తెచ్చినవాళ్లు మొగలాయిలు. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ఎనిమిది నెలలపాటు ముట్టడించింది. ఫిరంగులకు లొంగని కోట, లోపలివాడొకడు లంచం మరిగి తలుపు తీయడంతో పడిపోయింది. మొగలాయి దండు విడిది చేసిన మైదానానికి గెలుపు గుర్తుగా ఫతే మైదాన్ అని పేరొచ్చింది. ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం అక్కడిదే. దానికి కూతవేటు దూరంలోని గుట్టెక్కి, నగారాలు మోగించి, బాదుషా ఉత్తర్వులు చదివి వినిపించేవారని చెబుతారు. నౌబత్ అంటే ఆ నగారా మేళమే. తర్వాత నిజాంల ఫర్మానాలకూ ఇదే చాటింపు వేదిక అయిందట. రేడియో, పత్రిక లేని కాలంలో ఎత్తయిన రాయీ, చెవులు గింగురుమనే నగారా ఉంటే సర్కారుకు అంతకన్నా ఏం కావాలి?

ఇరవయ్యో శతాబ్దానికి నగారా పనైపోయింది. ఆ చోటు గొప్పింటివాళ్ల విడిది అయింది. హైకోర్టు జడ్జి నిజామత్ జంగ్ కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీలో చదివినవాడు. 1915లో నౌబత్ పహాడ్ మీద తను చదివిన కాలేజీ పోలికలతో హిల్ ఫోర్ట్ అనే మేడ కట్టించుకున్నాడు. బురుజులూ, కోటగోడ మీద ఉండే పళ్ల వరసా చూస్తే కాలేజీ కన్నా కోటలాగే అనిపిస్తుంది. తర్వాత అందులో ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా కాపురం ఉన్నాడు. నగరాభివృద్ధి బోర్డుకు పెద్దగా పనిచేసిన ఆయన పేరు మొజంజాహీ మార్కెట్ రూపంలో ఇప్పటికీ ఊరి నోట్లో నలుగుతోంది. ఆపై మేడ రిట్జ్ హోటల్ అయింది. హోటల్ మూతపడ్డాక పట్టించుకునేవాళ్లు లేక శిథిలమైంది.

గుట్ట రాత మళ్లీ మారింది బిర్లాలతో. పదేళ్లపాటు సాగిన పని పూర్తయి, 1976 ఫిబ్రవరి 13న రామకృష్ణ మిషన్‌కు చెందిన స్వామి రంగనాథానంద చేతుల మీదుగా వేంకటేశ్వరస్వామి గుడి తెరుచుకుంది. రాజస్థాన్ నుంచి దిగిన తెల్ల పాలరాయే సుమారు 2,000 టన్నులు. గర్భాలయం మీది శిఖరం ఒడిశా పద్ధతిలో ఉంటే, రాజగోపురం దక్షిణాది పద్ధతిలో లేచింది. మూలవిరాట్టు 11 అడుగుల గ్రానైట్ విగ్రహం, తిరుమల స్వామి రూపం. ప్రాకారపు గోడల మీద బుద్ధుడి మాటలూ గురునానక్ మాటలూ కూడా చెక్కారు.

పైకి వెళ్లే దారిలో బొమ్మల దుకాణాలు, గాజుల బళ్లు. చెప్పులు, సెల్‌ఫోన్ అప్పగించి టోకెన్ పుచ్చుకున్నాక అసలు మెట్లు మొదలవుతాయి. లోపలికి అడుగుపెట్టగానే చాలామంది చేయి అలవాటుగా పైకి లేస్తుంది. అక్కడ గంట ఉండదు. ధ్యానానికి భంగం కలగకూడదని రంగనాథానంద కోరడంతో ఈ గుడిలో గంటలే పెట్టలేదు. నగారాలతో పేరు తెచ్చుకున్న గుట్ట మీద గుడిగంట కూడా మోగదన్నమాట.

గుడి కట్టినవాళ్లే పక్క గుట్ట మీద సైన్సుకూ చోటిచ్చారు. 1985 సెప్టెంబర్ 8న ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు బిర్లా నక్షత్రశాలను ప్రారంభించారు. తర్వాత సైన్స్ మ్యూజియం, 2000లో డైనోసార్ల విభాగం వచ్చాయి. ఇక్కడికొచ్చి నక్షత్రాల ఆట మాత్రం చూసి వెళ్లిపోయేవాళ్లు అసలైన తెలుగు వింతను వదిలేసుకున్నట్టే. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్‌ది. ప్రాణహిత, గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర కనీసం 12 జంతువులవి 840 దాకా ఎముకలు దొరికాయి. వాటిని శాస్త్రలోకానికి పరిచయం చేసి, 1988లో ఆ పేరు పెట్టింది భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి.యాదగిరి. నిలబడి ఉన్నది ఒక్క జంతువే అయినా, ఎముకలు మాత్రం పలు జంతువులవి ఏరి కూర్చినవి. జురాసిక్ యుగపు ఆకుతిండి జీవి పేరులో తెలంగాణ పల్లె ఒకటి అలా కుదురుకుంది.

గుడి పై అంతస్తు నుంచి ఉత్తరానికి తిరిగితే నీళ్ల నడుమ 58 అడుగుల బుద్ధుడు కనిపిస్తాడు. 1990 మార్చిలో తరలించేటప్పుడు విగ్రహం చెరువులో పడిపోయి ప్రాణనష్టం జరిగింది. అడుగు నుంచి పైకి తీసి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. గట్టు మీద 1986 నాటి తెలుగు వెలుగుల విగ్రహాలు, ఈ పక్క 2023 ఏప్రిల్‌లో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్, అదే నెలలో తెరుచుకున్న కొత్త సచివాలయం. ఏలేవాళ్ల చాటింపు గుట్ట దిగి నీటి ఒడ్డుకు చేరిందని పైనుంచి చూస్తేనే తెలుస్తుంది.

మెట్రోలో అసెంబ్లీ లేదా లక్డీకాపూల్ స్టేషన్‌లో దిగితే నడకే. మధ్యాహ్నం గుడి కాసేపు మూసేస్తారు కాబట్టి, ఆ వేళ మ్యూజియం చూసుకుని సాయంత్రం గుడికి వెళ్లడం మేలు. వినాయక నిమజ్జనం రోజున చెరువు చుట్టూ రోడ్లు కట్టేస్తారు. ఆ రోజు మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోవద్దు.