కొత్తిమీర పూర్వచరిత్ర, ఇంటిసాగు

మన జూజువాడి సరిహద్దు వూరు. తనిఖీకేంద్రము దాటి ఉత్తరముగా పోతే అత్తిబెలె, అది కర్ణాటకము. దక్షిణముగా పోతే హోసూరు. యీ ప్రాంతపు సంతలో ఒకే కట్టను చేతబట్టుకొని కన్నడమువారు కొత్తంబరి అంటారు, తమిళులు కొత్తమల్లి అంటారు, మనము కొత్తిమీర అంటాము. కొత్తిమిరి అనే వాడుక కూడా వున్నది. గోదావరి, గుంటూరు, చిత్తూరు వైపుల నుండి ఉద్యోగరీత్యా వచ్చి చేరిన మన కుటుంబాలలోని పిల్లలు వీథిలో ఒక పేరు, బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు విని, "యిందులో యేది సరియైనది నాన్నా?" అని అడుగుచున్నారు. ఉగాది సంచికకు చరిత్రవ్యాసము వ్రాయుమని సంఘమువారు నన్ను కోరినారు. రాజుల సంగతి వ్రాయుటకు మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తా చాలడు గనుక, యీ ప్రశ్నకు జవాబు వెతికి వ్రాయుచున్నాను.

మూడు పేర్లూ సరియైనవే. వీటికి మూలము సంస్కృతములోని కుస్తుంబురు అనే మాట అని పండితులు చెప్పుదురు. కన్నడపు కొత్తంబరిలో ఆ పోలిక స్పష్టముగా కనిపిస్తున్నది. ధనియాలు అనే మాట వేరు. అది ధాన్యకము నుండి వచ్చినది. ఒకే మొక్క, ఆకుకు ఒక వంశమూ గింజకు ఒక వంశమూ! సుమారు క్రీ.పూ. 4వ శతాబ్దివాడని చెప్పే పాణిని, తన వ్యాకరణములో యీ కుస్తుంబురు కొరకు ఒక సూత్రమునే కేటాయించినాడు. మధ్యలో 'స'కారము వస్తే అది ఫలానా మొక్కజాతి, రాకపోతే అర్థము వేరు అని ఆయన తేల్చినాడు. అంతటి వైయాకరణుడు కూరలో వేసే ఆకు దగ్గర ఆగినాడంటే, ఆనాడు అది యెంత వాడుకలో వుండినదో ఊహించుకొనవచ్చును.

కౌటిల్యుని అర్థశాస్త్రము సంగతి మనకు మరీ దగ్గరది. ఆ గ్రంథము పేరు మాత్రమే మిగిలి, ప్రతి దొరకక శతాబ్దాలు గడచినవి. 1905లో మన పొరుగున మైసూరు ప్రాచ్య గ్రంథాలయములో ఆర్. శామశాస్త్రిగారు దాని తాళపత్ర ప్రతిని గుర్తించి, 1909లో అచ్చు వేయించినారు. అందులో కోష్ఠాగారమున నిలువ చేయవలసిన కారపు సరుకుల పట్టీ ఒకటి వున్నది: పిప్పళ్ళు, మిరియాలు, అల్లము, జీలకర్ర, ఆవాలు, వాటితో కుస్తుంబురు. మిరపకాయ లేదు. వుండదు కూడా, యేలనగా మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి వెంట 16వ శతాబ్దిలో మన దేశము చేరినది. గోంగూర పచ్చడి మిరప లేకుండా యెట్లుండెడిదో గుంటూరు సోదరులు ఊహించుకొని బాధపడవచ్చును గాని, కొత్తిమీర మాత్రము అప్పటికే మన వంటింట్లో పాతకాపు.

అయితే యిది మన సొంతమని గర్వపడుటకు లేదు. మధ్యధరా సముద్రతీరము, పశ్చిమాసియా దీని పుట్టిల్లని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఈజిప్టులో టూటన్‌ఖామెన్ రాజు సమాధి 1922లో తెరచినప్పుడు బంగారముతో పాటు ధనియాలు కూడా దొరికినవి. ఆ రాజు క్రీ.పూ. 14వ శతాబ్దివాడు. గ్రీకు ప్రాంతపు పురాతన మట్టిపలకల లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ అనే ఆంగ్లేయుడు విప్పగా, ఆ సరుకుల లెక్కలలోనూ ధనియాల పేరు కనబడినది. ఆ పలకలు వ్రాసినవారు కవులు కారు, గిడ్డంగి గుమాస్తాలు. ఆ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందము మా కార్యాలయములోని మిత్రులకు మాత్రమే అర్థమగును.

అంత దూరము ప్రయాణము చేసినది గింజయే. ఎండిన ధనియాలు గోనెసంచిలో నెలల తరబడి వుంటవి. ఆకు మరునాటికే వాడును, ఎండబెట్టితే వాసన పోవును. అందుచేత ధనియాలు బజారు సరుకైనవి. రాజస్థానములోని రామ్‌గంజ్ మండీ నేడు వాటి వర్తకానికి పేరుపొందినది. కొత్తిమీర మాత్రము పెరటి మొక్కగా నిలిచినది. మన ప్రాంతానికి 1913లో మొరప్పూరు నుండి ధర్మపురి మీదుగా హోసూరుకు రెండున్నర అడుగుల చిన్న రైలుమార్గము వచ్చినది, 1941లో యుద్ధకాలమున అది పోయినది. రైలున్నా లేకున్నా పెరడున్న ఇంటికి కొత్తిమీరకు లోటు లేదు.

ఆ పెరళ్ళే యిప్పుడు లేవు. 1970 తరువాత హోసూరు చుట్టూ పారిశ్రామికవాడ లేచినది. మనలో పెక్కుమంది ఇక్కడికి వచ్చినది ఆ కర్మాగారాల మూలముననే గనుక దానిని నిందించుట తగదు. కాని ఒకటి ఆలోచించవలెను. బెంగుళూరు మురుగునీరు దక్షిణ పినాకినిలో కలిసి వచ్చి, హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయములో తెల్లని నురుగై పొంగిన వార్తలు పత్రికలలో పలుమార్లు చదివినాము. బజారులో కొనే కట్ట యే నీటితో పెరిగినదో మనకు తెలియదు. వంకాయ ఉడికించి తింటాము. కొత్తిమీరను పచ్చిగానే పులుసు మీద చల్లుతాము. అమెరికాలో 2013 మొదలు కొన్ని వేసవులు వందలమందికి విరేచనాల జబ్బు రాగా, మెక్సికోలోని ప్వేబ్లా ప్రాంతపు పచ్చి కొత్తిమీరతో దానికి సంబంధమున్నట్లు తేలి, 2015లో అక్కడి ప్రభుత్వము వేసవి నెలల దిగుమతిని ఆపినది. కనుక కట్టను విప్పి, వేళ్ళు కోసివేసి, రెండు మూడు నీళ్ళలో కడుగవలెను. కడిగినంత మాత్రాన మురుగునీటి దోషమంతా పోతుందని నేను అనను. అందుకే ఇంటిసాగు సంగతి యెత్తినాను.

దీని గుణమును గూర్చి కొంచెము. ధాన్యకము దప్పిని, తాపమును తగ్గించునని, జీర్ణశక్తిని పెంచునని ఆయుర్వేదము చెప్పును. నలిపిన ధనియాలు రాత్రి నీళ్ళలో వేసి, ఉదయము వడగట్టి పంచదార కలిపి త్రాగుట పాత వైద్యము. ఆకులో ఏ, సీ, కే విటమినులు వున్నవి. సీ విటమిను ఉడికిస్తే తగ్గును గనుక పొయ్యి దించిన తరువాత వేయుట మంచిది. అయితే మనము తినేది చిటికెడు. ధనియాల నీళ్ళు త్రాగి మధుమేహపు మాత్రలు, థైరాయిడు మాత్రలు మానినవారిని నేనెరుగుదును. అది ప్రమాదము. నెత్తురు పలుచబడుటకు వార్ఫరిన్ మాత్ర వేసికొనేవారు ఆకును ఒకనాడు గుప్పెళ్ళతో తిని మరునాడు మానివేయరాదు. కొందరు పిల్లలు కొత్తిమీర సబ్బువాసన అని త్రోసివేస్తారు. ఆ గ్రహణము పుట్టుకతో రావచ్చునని, ఒక జన్యువుతో దానికి సంబంధమున్నదని 2012లో పరిశోధకులు ప్రకటించినారు. అట్టి పిల్లలను కొట్టి తినిపించవద్దు.

సాగునకు పెద్ద స్థలము అక్కరలేదు. జానెడు లోతుగల తొట్టి గాని, అడుగున చిల్లులు పెట్టిన పాత నూనెడబ్బా గాని చాలును. రెండు పాళ్ళు ఎర్రమన్ను, ఒక పాలు చివికిన పశువుల ఎరువు. మనము గింజ అనుకొనేది నిజానికి కాయ. లోపల రెండు విత్తనాలు వుంటవి. అప్పడాల కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, అర అంగుళము లోతున చల్లవలెను. మరీ పాత ధనియాలు మొలవవు. మొలక వచ్చుటకు ఎనిమిది రోజుల నుండి రెండు వారాలు పట్టును. నాలుగోనాడే మట్టి కెలికి చూడరాదు (మా ఇంట్లో యీ పని చేసేది పిల్లలు కారు, మా నాయనగారు). తల్లివేరు లోతుగా దిగే మొక్క గనుక పీకి వేరేచోట నాటితే బ్రతుకుట కష్టము. నలుబది రోజులకు కోతకు వచ్చును. వెలుపలి కాడలు త్రుంచుకొంటే మరల చిగురించును.

ఎండ యెక్కువైతే మొక్క తొందరపడి పూతకు పోవును. ఆకు దారపుపోగుల వలె సన్నబడును. గుంటూరు వేసవిలో అందుకే ఆకు నిలువదు. మన హోసూరు సుమారు 2,900 అడుగుల యెత్తున వున్నది గనుక ఆ బాధ కొంత తక్కువ. అయినా ఉగాది వెళ్ళిన తరువాత విత్తేవారు ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట పెట్టి, రెండు వారాలకొక డబ్బా చొప్పున దఫాలుగా విత్తుకొనవలెను. పేనుబంక పట్టితే నీటిధారతో కడుగవచ్చును. పూతకు పోయిన మొక్కను పీకివేయవద్దు. తెల్లని గొడుగుల వంటి పూలకు తేనెటీగలు వచ్చును, విత్తిన మూడు నాలుగు నెలలకు కాయలు గోధుమరంగు తిరుగును. వాటిని నీడన ఆరబెట్టి సీసాలో పోసి వుంచితే పై దఫాకు విత్తనము ఇంట్లోనిదే అగును.