చప్పట్లతో సరిపెట్టాం

1966లో హైదరాబాదు సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో ఒక గణితావధానం జరిగింది. వేదిక మీద కూర్చున్నాయన అరవయ్యేళ్లకు దగ్గరపడ్డ మనిషి. పుట్టుకతోనే చూపు లేదు. పృచ్ఛకులు అడిగారు: రెండు యొక్క 103వ ఘాతం ఎంత? ఆయన ఒక్కో అంకే చెప్పుకుంటూ వచ్చారు: 10141204801825835211973625643008. మొత్తం 32 అంకెలు.

మనమైతే కాగితం ముందు పెట్టుకుని రెండుతో హెచ్చవేసుకుంటూ 102 సార్లు పోవాలి. చివరి మెట్లలో ఒక్కో వరుసకు ముప్పై అంకెలు. ఎక్కడో ఒక్కటి జారినా ఆ పైన చేసిందంతా వృథా. ఆయనకు కాగితం లేదు, కలం లేదు. ఉన్నదల్లా జ్ఞాపకం.

ఆయన పేరు లక్కోజు సంజీవరాయశర్మ. కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరులో 1907 నవంబరు 27న పుట్టారు. చూపులేని బిడ్డకు ఆ రోజుల్లో పల్లెలో బడి ఎక్కడిది? బడికి వెళ్లేది అక్క. ఆమె సాయంత్రం ఇంటికొచ్చి ఎక్కాలూ పాఠాలూ బిగ్గరగా చదువుకుంటుంటే తమ్ముడు పక్కన కూర్చుని వినేవాడు. ఆయనకు దొరికిన చదువు అదొక్కటే. ఇంకొకరి కోసం చెప్పిన పాఠం, గాలివాటుగా చెవిన పడింది. ఆ కాస్త విత్తుకే మహావృక్షం లేచింది.

1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభలు జరిగాయి. దత్తమండలాలకు రాయలసీమ అని పేరు పెట్టుకున్నది అక్కడే. ఇరవయ్యొకటో ఏడు నడుస్తున్న శర్మగారి ప్రజ్ఞ నలుగురి ముందుకూ వచ్చింది కూడా అక్కడే. అక్కడినుంచి ఊరూరా పిలుపులే. పుట్టిన తేదీ చెబితే చాలు, తిథి, వారం, నక్షత్రం క్షణాల్లో చెప్పేవారు. గుణకారాలు, ఘాతాలు, మూలాలు, ఏది అడిగినా జవాబు పెదవుల మీదే ఉండేది. కొన్ని దశాబ్దాల పాటు వేలకొద్దీ ప్రదర్శనలు. శాలువాలు కప్పారు, బిరుదులిచ్చారు, ఆయనకు కనిపించని పూలదండలు మెడలో వేశారు.

ఆయన పతనం ఒక్కరోజులో జరగలేదు. ఎవరూ ఆయన్ని కూలదోయలేదు. పొగుడుతూ పొగుడుతూనే ఆ వేదికల మీదే వదిలేశాం. నన్ను కలచివేసేది ఇదే: జీవితమంతా ఆయన్ని మనం అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ముందే రాసుకుని వచ్చాం. ఆయన సరిగ్గా చెప్పారా లేదా అని చూసుకోవడానికే అడిగాం. ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న ఒక్కటి ఆయన చేతికివ్వలేదు.

ఇవ్వవచ్చునని లోకానికి అప్పటికే తెలుసు. జర్మనీలో జకారియాస్ డాజే అని ఒకాయన, 1824లో పుట్టాడు. ఊళ్లు తిరుగుతూ నోటి లెక్కలు చేసి చూపించి బతికేవాడు. ఆ శక్తిని గణితవేత్త గౌస్ గమనించాడు. ఇతణ్ని లక్షల మీద లక్షల సంఖ్యల కారణాంకాల పట్టికలు కట్టే పనిలో పెట్టండని సలహా ఇచ్చాడు. డాజే 1861లో పని పూర్తికాకుండానే పోయినా, ఆ పట్టికలు అచ్చయ్యాయి, గణితవేత్తలకు పనికొచ్చాయి. వినోదం అనుకున్న విద్య శాస్త్రానికి సాయపడింది.

ఇంకొకరి సంగతి మరీ దగ్గరగా తాకుతుంది. శర్మగారు పుట్టిన మరుసటి ఏడు, 1908లో, మాస్కోలో లెవ్ పొంట్రియాగిన్ పుట్టాడు. పద్నాలుగో ఏట స్టవ్ పేలి రెండు కళ్లూ పోయాయి. తల్లి తత్యానా బట్టలు కుట్టి బతికే మనిషి, గణితం ఏమీ తెలియదు. అయినా పుస్తకాలు తెరిచి కొడుక్కి చదివి వినిపించింది. గుర్తుల పేర్లు తెలియక కనబడ్డ ఆకారాన్నే చెప్పేది: తోక పైకున్నది, తోక కిందికున్నది అని. 1925లో అతణ్ని మాస్కో విశ్వవిద్యాలయం చేర్చుకుంది. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణితవేత్తల్లో ఒకడయ్యాడు. చెవితోనే చదువుకున్నవాళ్లు ఇద్దరూ. అక్కడ తల్లి గొంతు తర్వాత విశ్వవిద్యాలయం గొంతు వినిపించింది. ఇక్కడ అక్క గొంతు తర్వాత వినిపించినవి చప్పట్లే.

నోటిలెక్క వేరు, గణిత పరిశోధన వేరు అంటారు. నిజమే. శర్మగారు రెండోది చేయగలిగేవారో లేదో ఎవరం చెప్పలేం. చెప్పగలిగే అవకాశాన్నే మనం పోగొట్టుకున్నాం. నా దుఃఖమంతా అక్కడే.

క్యాలిక్యులేటర్లు వచ్చాక అంకెల అద్భుతానికి గిరాకీ తగ్గింది. ఆయన శ్రీకాళహస్తి చేరారు. గణితంతో పాటు చిన్నప్పటినుంచీ ఆయన దగ్గరున్నది ఫిడేలు ఒక్కటే. స్వామి సన్నిధిలో అది వాయిస్తూ ముసలితనం గడిపారు. 1994లో భార్య ఆదిలక్ష్మమ్మ కన్నుమూశారు. 1996లో శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. విద్యార్థిగా అడుగుపెట్టాల్సిన చోటికి ఆయన పేరు తొంభయ్యేళ్ల చేరువలో వెళ్లింది. ఏడాది తిరిగేసరికి, 1997 డిసెంబరు 2న, ఆయన వెళ్లిపోయారు.

ఇది పాతకాలపు కథ అనుకుందామంటే మనసొప్పదు. మా విజయవాడలో గుణదలనుంచి గూడవల్లి దాకా ఎటు చూసినా ఎంపీసీ హాస్టళ్లే. తెల్లవారకముందే స్టడీ అవర్లు మొదలవుతాయి. లెక్కలంటే ప్రాణం పెట్టే ఊరు మాది. అయినా ఈ కృష్ణా డెల్టాలోనే, మచిలీపట్నం దగ్గర పుట్టిన శ్రీకాంత్ బొల్లా పది పాసయ్యాక సైన్సు గ్రూపు అడిగితే, చూపులేదు కాబట్టి కుదరదన్నారు. కోర్టుకు వెళ్లి గెలిచి, ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. అమెరికాలోని ఎంఐటీలో సీటు సంపాదించాడు. అతను పోరాడి గెలిచాడు. పోరాడలేక మిగిలిపోయిన పిల్లలు ఎందరో! కోర్టు గుమ్మం ఎక్కగలిగిన వాళ్లకే లెక్కలు దక్కే లోకాన్ని న్యాయమైన లోకం అనలేం.

శర్మగారికి విగ్రహాలు పెట్టినా, జయంతులు జరిపినా ఆయన కోల్పోయింది తిరిగి రాదు. లెక్కలంటే ఇష్టపడే చూపులేని పిల్ల ఎవరైనా మన కాలేజీ గుమ్మంలోకి వస్తే, ఆర్ట్స్‌లో చేరమ్మా అని పక్కకు పంపకండి. సీటివ్వండి. బ్రెయిలీలో లెక్కల పుస్తకం ఇవ్వండి. పక్కన కూర్చుని బొమ్మల్లో ఏముందో ఓపిగ్గా చెప్పే మనిషిని ఇవ్వండి. ఆ తర్వాత, జవాబు మనకు తెలియని ప్రశ్నలు కూడా ఇవ్వండి. కల్లూరి బిడ్డకు తెలుగునేల పడ్డ బాకీలో ఎంతో కొంత అలాగైనా తీరుతుంది.